ఒటీలియా గారి మూడోవంతు

విల్లో క్రీక్, ఒహైయో
1858 ఆగస్టు 19, గురువారం

శ్రీమతి ఒటీలియా వైడ్లిష్ గారి సముఖానికి,

ఈ ఊళ్ళో పద్నాలుగేళ్ళు మేజిస్ట్రేటుగా వెలగబెట్టిన హైరం కార్పెంటర్, టోపీ చేతిలో పట్టుకుని, మీ గుమ్మానికి ఇవతలే నిలబడి దణ్ణం పెట్టి రాసుకునే ఉత్తరం. నేను, నా భార్య ఫీబీ ఇక్కడ కులాసా. మీరూ కులాసా అని తలుస్తాను అని రాయడం మర్యాద. కానీ సత్రం పెరట్లో తడి దుప్పట్లు పిండుతూ మీరు మధ్యమధ్య నడుం పట్టుకుని నిలబడిపోవడం మొన్న మంగళవారం కూడా కళ్ళారా చూశాను కనుక, ఆ మాట రాయడానికి నాకు మొహం చెల్లడం లేదు. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలని మాత్రం రాస్తాను. నాలాంటివాడి ప్రార్థన ఆయన చెవిన పడుతుందో లేదో మరి.

ఈ ఉత్తరం మీ జర్మను భాషలో ఉందేమిటని ఆశ్చర్యపోకండి. నాకు ఇంగ్లీషు తప్ప ఇంకో ముక్క రాదని ఊరందరికీ తెలుసు. నేను చెప్పిన మాటలు పాస్టరు లిండావర్ గారు మీ భాషలోకి మార్చి రాసిపెట్టారు. ఆ రాత చూసి ఈ కాగితం మీదికి నేను దించాను. అక్షరాలు వంకరగా ఉంటే అది నా చేతి దోషం, ఆయనది కాదు.

ఇక అసలు సంగతి. ముసలితనంలో చాదస్తం ఎక్కువ, డొంకతిరుగుడు మరీ ఎక్కువ. అందుకని ముందే చెప్పేస్తున్నాను. మీ పొలం అమ్మకం దస్తావేజు మీద తొమ్మిదేళ్ళ కిందట నేను నా చేత్తో రాసి ముద్ర వేసిన మాట అబద్ధం. మొన్న మే నెలలో కోర్టులో బైబిలు మీద చెయ్యి పెట్టి నేను చెప్పిందీ అబద్ధమే. అమ్మయ్య, రాశాను. ఈ రెండు వాక్యాల కోసం మూడు వారాల్లో పదకొండు కాగితాలు పొయ్యిలో వేశాను. నా బల్ల మీద కాగితాలు ఎలకలు కొట్టేస్తున్నాయేమోనని ఫీబీ అనుకుంటోంది.

ఆ రోజు చట్టప్రకారం నేను మీకు చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కాపురంలో భర్త పేర ఎంత భూమి ఉన్నదో, అతను పోయాక అందులో మూడోవంతు భార్య బతికినన్నాళ్ళూ ఆమెది. ఆమె దున్నించుకోవచ్చు, కౌలుకు ఇచ్చుకోవచ్చు, ఆ ఇంట్లో తన పొయ్యి తాను వెలిగించుకోవచ్చు. భర్త బతికుండగా భూమిని అమ్మేసినా ఆ మూడోవంతు హక్కు భూమినే అంటిపెట్టుకుని ఉంటుంది. అది పోవాలంటే ఒక్కటే దారి. భార్య తనంతట తాను ఇష్టపడి దస్తావేజు మీద సంతకం పెట్టాలి. మొగుడు కళ్ళెర్రజేసి పెట్టిస్తాడేమోనని చట్టానికీ తెలుసు. అందుకే మేజిస్ట్రేటు ఆమెను భర్త నుంచి వేరుగా, విడి గదిలోకి తీసుకుపోవాలి. కాగితంలో ఏముందో తెలిసేలా చెప్పి, "అమ్మా, ఇది నీ ఇష్టమేనా, ఎవరికైనా జడిసి పెడుతున్నావా" అని అడగాలి. ఆమె వద్దంటే ఆ సంతకం అక్కరలేదు, మూడోవంతు ఎక్కడికీ పోదు. ఇంత చిన్న పని. దానికోసమే నన్ను ఎన్నుకున్నారు.

1849 ఏప్రిల్ పదిహేడు. కాలిఫోర్నియాలో బంగారం దొరుకుతోందని మగవాళ్ళందరికీ పిచ్చెక్కిన ఏడాది. మీ ఆయన కాస్పర్ గారు కూడా ఆ గాలికే కొట్టుకుపోయారు. ఏటి పక్క మీ తొంభై ఎకరాలు, రాతిల్లు, మీరు మీ దేశం నుంచి తడి గోనెలో చుట్టి తెచ్చి అంటుకట్టిన బేరిచెట్ల వరస, అంతా కలిపి మిల్లు యజమాని ప్రెంటిస్ గారికి బేరం పెట్టారు. ప్రెంటిస్ గారికి మిల్లు కాలవ తవ్వుకోవడానికి ఆ ఏటిగట్టు కావాలి. ఆయనే తన బగ్గీలో నన్ను ఎక్కించుకుని మీ ఇంటికి తీసుకొచ్చారు. దారి పొడుగునా, వచ్చే ఎన్నికల్లో కూడా మేజిస్ట్రేటు మీరేనండీ కార్పెంటర్ గారూ, మన మనుషులంతా మీ వెనకే ఉంటారు అంటూ వచ్చారు. మన మనుషులు అన్న మాట నాకు పాయసం తాగినట్టుంది. ఎందుకో తర్వాత చెబుతాను, లేకపోతే చెప్పను.

ప్రెంటిస్ గారు ముందు గదిలో గడియారం తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నారు. నేను మీ ఆయన్ను బయట ఉండమని, మీ వెనకే వంటింట్లోకి వచ్చి తలుపు వేశాను. అంతవరకు అంతా చట్టప్రకారమే జరిగింది. బల్ల మీద ఏదో నల్లటి రొట్టె ఉంది. ఎండబెట్టిన బేరికాయలు వేసి చేసినదట, నాకు కొత్త. మీరు రెండు ముక్కలు కోసి పెట్టారు, తిన్నాను. తిని మూతి తుడుచుకుని, ఇంగ్లీషులో అడగవలసింది అడిగాను. మీరు నా మొహంలోకి చూశారు. నేను మీ మొహంలోకి చూశాను. మళ్ళీ అడిగాను, ఈసారి గట్టిగా. గట్టిగా అరిస్తే రాని భాష వస్తుందని మా వాళ్ళకో నమ్మకం. మీరు చెయ్యి ఊపి రాదన్నారు.

అప్పుడేం చెయ్యాలి? జర్మను వచ్చిన మరో మనిషిని, ఏ పాస్టరుగారినో పిలిపించాలి. అందుకు ఒక పూట పడుతుంది. అవతల గదిలో గడియారం టిక్కుటిక్కుమంటోంది. నేను తలుపు తీసి కాస్పర్‌ను లోపలికి పిలిచాను. ఎవరి చెవిన పడకూడదని చట్టం ఆ తలుపు వేయించిందో, అతన్నే దుబాసీగా పెట్టుకున్నాను. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఏమిటో నన్ను చూసి నేర్చుకోవాలి.

నేను ఇంగ్లీషులో అడిగాను. ఆయన మీతో మీ భాషలో ఏదో అన్నాడు. మీరు చాలాసేపు మాట్లాడారు. మధ్యలో ఒకసారి కిటికీలోంచి చెట్లవైపు చూపించారు, ఒకసారి నావైపు చూపించారు. అంతా విని కాస్పర్ నావైపు తిరిగి, "సంతోషంగా పెడతానంటోందండీ" అన్నాడు. అంత పొడుగు మాటకు ఇంత పొట్టి తాత్పర్యమేమిటని నాకు అనుమానం రావలసింది. వచ్చింది కూడా. కలం సిరాలో ముంచి మీ చేతికిచ్చాను. మీరు పుచ్చుకోలేదు. అప్పుడు కాస్పర్ గొంతు తగ్గించి మీతో ఇంకో మాట అన్నాడు. మీ మొహం పిండిలా పాలిపోయింది. మీరు నావైపు తిరిగి నన్నే ఒక చిన్న మాట అడిగారు. నేను మర్యాదకు తల ఊపాను. ఇక్కడే పెట్టాలా అని అడిగారనుకున్నాను. మీరు సంతకం పెట్టారు. నేను ఆ కిందనే, భర్త నుంచి వేరుగా విడి గదిలో విచారించగా ఆమె తన సొంత ఇష్టంతో చేసినట్టు చెప్పింది అని గుండ్రటి అక్షరాలతో రాసి ముద్ర కొట్టాను. నా దస్తూరీ బాగుంటుందని జిల్లా అంతా పేరు.

తర్వాత కథ నేను చెప్పనక్కరలేదు, మీరే పడ్డారు. రెండేళ్ళకు ఆయన వట్టి చేతులతో, దగ్గుతో తిరిగొచ్చారు. ప్రెంటిస్ గారి మిల్లులోనే బస్తాలు మోశారు. కిందటి నవంబరులో కాలం చేశారు. మీరు సత్రం వెనక కొట్టంలో ఉంటూ పరాయివాళ్ళ దుప్పట్లు ఉతుకుతున్నారు. మీ బేరిపండ్లు ప్రెంటిస్ గారి బండి మీద ప్రతి ఏడూ ఆ సత్రం ముందు నుంచే సంతకు పోతాయి. ఇది చూసి పాస్టరు గారికి కడుపు మండి మిమ్మల్ని ప్లీడరు సాటర్లీ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ కుర్ర ప్లీడరు మూడోవంతు కోసం దావా వేశాడు. అవతలివాళ్ళు నా గుండ్రటి అక్షరాలు తీసి జడ్జిగారి ముందు పెట్టారు.

మే నెల వాయిదా తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు చచ్చిపోతుంది. జడ్జిగారు నన్ను, "కార్పెంటర్ గారూ, ఇది మీ చేతిరాతేనా, జరిగింది జరిగినట్టే రాశారా" అని అడిగారు. నాదేనండీ, జరిగినట్టేనండీ అన్నాను. తేలు కుట్టిన దొంగలా ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడలేదు. తర్వాత మిమ్మల్ని నిలబెట్టారు. మీ పక్కన దుబాసీగా పాస్టరు గారు. మా ఆయన ఆ రోజు నాతో ఏమన్నాడంటే అని మీరు మొదలుపెట్టారో లేదో, ప్రెంటిస్ గారి ప్లీడరు లేచాడు. మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు కోర్టులో చెప్పడానికి వీల్లేదండీ, అది చట్టం అన్నాడు. జడ్జిగారు అవునన్నారు. సరే, నేను మేజిస్ట్రేటు గారిని ఒక మాట అడిగాను, అది చెబుతాను అన్నారు మీరు. ఏమడిగావని జడ్జిగారు అడిగితే, నిజమేనా అయ్యా అని అడిగాను, ఆయన అవునని తల ఊపారు అన్నారు.

"ఏది నిజమేనా అనమ్మా? ఆకాశం నీలంగా ఉందనా?" అన్నాడా ప్లీడరు. మా ఆయన చెప్పింది అని మీరు అనబోతే మళ్ళీ ఆపించేశాడు. అక్కడితో ఊరుకోకుండా జనం వైపు తిరిగి, "కార్పెంటర్ గారి తల సంగతి మనకు తెలియదా? మన చర్చిలో ప్రసంగం జరుగుతుంటే నిద్రలో కూడా ఊపుతూనే ఉంటుంది" అన్నాడు. కోర్టంతా గొల్లుమంది. జడ్జిగారు కూడా గడ్డం చాటున నవ్వుకున్నారు. నేనూ నవ్వానమ్మా. గంగిరెద్దులా ఆ తలే మళ్ళీ ఊపుతూ నవ్వాను. మీరొక్కరే నవ్వలేదు. అందరూ ఎందుకు నవ్వుతున్నారో మీకు ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం కోర్టు మెట్ల మీద మీరు నా పక్కనుంచే దిగిపోయారు. అప్పుడు మీరు పాస్టరు గారితో అన్న మాట ఆయన తర్వాత నాకు చెప్పారు. "ఆయన్ను ఏమీ అనకండి పాస్టరు గారూ. ఆయనకు మన భాష రాదు. అర్థం కాని మాటకు ఎవరైనా మర్యాదకు తల ఊపుతారు. ఆయన తప్పేముంది పాపం" అన్నారట. నన్ను తిట్టి ఉంటే ఇంటికి పోయి రొట్టె తిని పడుకునేవాడిని. కొట్టినా పడేవాడిని. పాపం అన్నారు చూడండి, ఆ మాట విన్నప్పటి నుంచి నాకు తిండి సయించడం లేదు. ఫీబీ నాకు పైత్యం చేసిందని రోజూ పొద్దున్నే ఏదో చేదు కషాయం తాగిస్తోంది. నోరు మూసుకుని తాగుతున్నాను.

సాటర్లీ పోయిన నెల మా ఇంటికి వచ్చాడు. నిజం చెప్పమని బతిమాలాడు. కాస్పర్ గదిలో ఉన్నమాట నిజమేనని అతనికి ఒప్పుకున్నాను. అతను ఎగిరి గంతేస్తాడనుకున్నాను. కానీ నెత్తి గోక్కుని, అది చాలదండీ అన్నాడు. "దుబాసీ కావలసి వచ్చింది, మొగుణ్ణి పిలిచారు, మేజిస్ట్రేటు కాస్త అజాగ్రత్తగా ఉన్నాడు, అంతేగా అంటారు. ఆవిడ వద్దన్నదనీ, బెదిరిస్తే పెట్టిందనీ తేలాలి. ఆ మాటలు విన్నవాళ్ళు ముగ్గురు. ఒకాయన పోయాడు. ఆవిడను చెప్పనివ్వరు. మొగుడూ పెళ్ళాల మాటలు మూడో మనిషి చెవిన పడితే ఆ మూడో మనిషి చెప్పవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. కానీ ఏం లాభం, ఆ మూడో మనిషి మీరు. మీకా, ఒక్క ముక్క అర్థం కాలేదు. మన ఖర్మ" అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అందుచేత నేను చెయ్యగలిగిందేమిటంటే, సెప్టెంబరు ఆరు సోమవారం నాటి వాయిదాకు వచ్చి, కాస్పర్ గదిలో ఉన్నాడనీ, నేను రాసింది తప్పనీ ఒప్పుకుంటాను. దానివల్ల మీ మూడోవంతు మీకు వస్తుందని మాట ఇవ్వలేను. రాకపోవడానికే ఎక్కువ వీలుందని సాటర్లీ అంటున్నాడు. నా అజాగ్రత్తకు మీ కాళ్ళు పట్టుకుంటున్నాను. మా అమ్మ కూడా విధవే. మా నాన్న పోయాక తన మూడోవంతు మీదే బతికింది. మా అన్న ఇంట్లో తూర్పు గది, పొయ్యిలో శనివారం తన రొట్టె కాల్చుకునే హక్కు, బావిలో నీళ్ళు, ఇరవై ఎకరాల మీద కౌలు. ఎవరి చెయ్యీ చూడకుండా బతికింది. ఆ మూడోవంతు విలువ తెలియని వాణ్ణి కాదు నేను. తెలిసే చేశాను, అదీ నా బతుకు.

చలికాలం రాకముందే మీకు మీ పొయ్యి దక్కాలని కోరుకుంటూ, మీ క్షమాపణకు అర్హుడు కాని,

హైరం కార్పెంటర్
మాజీ మేజిస్ట్రేటు

తా.క.

పైన సంతకం చేసి, కాగితం మడిచి, లక్క కూడా కరిగించాను. మళ్ళీ విప్పాను. ఫీబీ చర్చి ఆడవాళ్ళతో దుప్పటి కుట్టడానికి వెళ్ళింది, చీకటి పడేలోగా వస్తుంది. ఈలోగా రాసెయ్యాలి.

పాస్టరు లిండావర్ గారు ఈ ఉత్తరం చూడలేదు. ఆదివారం నుంచి ఆయన సిన్సినాటిలో ఉన్నారు, ఎవరినైనా అడగండి. ఎవరూ మార్చి రాసిపెట్టలేదు. నేను చూసి దించిందీ లేదు. ఈ భాష నాదే. మా అమ్మ నాకు పాలతో పాటు పోసిన భాష. నేను పుట్టింది పెన్సిల్వేనియాలో, మా ఇంటిపేరు త్సిమ్మర్మన్, అంటే వడ్రంగి. పందొమ్మిదో ఏట ఈ ఒహైయోకు వచ్చి కోత మిల్లులో చేరిన మొదటిరోజే నా పేరు విని అందరూ పగలబడి నవ్వారు. "ఏరా పులిసిన క్యాబేజీ, నీ పేరు పలకాలంటే మా పళ్ళు ఊడాల్సిందే" అన్నాడు మేస్త్రీ, మన జర్మనువాళ్ళ తిండి పేరునే తిట్టుగా చేసి. వారం తిరగకుండా అదే అర్థానికి ఇంగ్లీషు మాట పెట్టుకుని హైరం కార్పెంటర్ అయిపోయాను. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఈ భాషలో ఒక్క మాట మాట్లాడలేదు. కట్టుకున్న భార్యకు తెలియదు. మా అమ్మ మూడు ఉత్తరాలు రాసింది. పోస్టాఫీసులో ఎవరైనా చూస్తారని సిగ్గుపడి, తీసుకుని, చదివి, జవాబు రాయలేదు. నాలుగోది మా అన్న రాశాడు, అమ్మ పోయిందని. ఈ భాషలో నేను చేత్తో రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. వంకర అక్షరాలు అందుకు.

మీ రొట్టె నాకు కొత్త కాదు. మా అమ్మ క్రిస్మసుకు చేసేది. మొదటి ముక్క నోట్లో పడగానే పోల్చుకున్నాను. ఇదేం రొట్టె అని ఇంగ్లీషులో అడిగి తిన్నాను. రెండో ముక్క కూడా అడిగి పెట్టించుకున్నాను.

ఇప్పుడు అసలు మాట. ఆ రోజు వంటింట్లో ప్రతి అక్షరం నాకు అర్థమైంది. నేను అడిగింది మీ ఆయన మీకు చెప్పలేదు. "ఏమే, దొరగారు నీకు రాయడం వచ్చా అని అడుగుతున్నాడు" అన్నాడు. మీరేమన్నారో మీరన్నట్టే రాస్తున్నాను, ఒక్క మాట అటూ ఇటూ అయితే చెప్పండి. "రాయడం వచ్చు, కానీ దీనిమీద రాయను. నువ్వు అమ్ముకో, వెళ్ళు, బంగారం తవ్వుకో, నేను అడ్డం రాను. నా మూడోవంతు మాత్రం వదలను. ఆ చెట్లు నా చేత్తో అంటుకట్టినవి. మా అమ్మ మొగుడు పోయాక పరాయి పొయ్యి దగ్గర కూర్చుని, ఎవరైనా ముద్ద పెడతారేమోనని చూస్తూ చూస్తూ పోయింది. ఆ పెద్దమనిషికి చెప్పు. ఆయనది మంచివాడి మొహంలా ఉంది, ఆయనకు తెలుస్తుంది" అన్నారు. మీకు మూడోవంతు సంగతి తెలియదన్నట్టు పైన రాశాను, అది నటన. మీకు నాకంటే బాగా తెలుసు.

తర్వాత మీ ఆయన గొంతు తగ్గించి, "నోర్ముయ్యి. సంతకం పెట్టకపోతే ఈయన మనిద్దరినీ ఓడెక్కించి వెనక్కి పంపించేస్తాడట, కాగితం కూడా జేబులో ఉందట" అన్నాడు. మీరు కలం పట్టుకోకుండా నావైపు తిరిగి, నిజమేనా అయ్యా అన్నారు.

ఒక్క మాట చాలు. మా అమ్మ భాషలో కాదు అన్న ఒక్క మాట. కానీ ఆ మాట అంటే తలుపవతల ప్రెంటిస్ గారు వింటారు. కార్పెంటర్ గారు కూడా ఆ జాతివాడేనట అని రేపు సంతలో నవ్వుతారు. మన మనుషులు అన్న మాట మళ్ళీ నా చెవిన పడదు. ఇక్కడే పెట్టాలా అని అడిగారనుకున్నానని పైన రాశాను కదా, అలా అనుకోలేదు. అర్థమయ్యే తల ఊపాను. మీరు నన్ను నమ్మి సంతకం పెట్టారు.

కోర్టు మెట్ల మీద మీరన్న మాట కూడా పాస్టరు గారు చెబితే తెలిసింది కాదు. రెండడుగుల దూరంలో నిలబడి నా చెవులతో విన్నాను. ఆయనకు మన భాష రాదు పాపం అన్నారు. అప్పుడు కూడా నోరు విప్పలేదు.

ఆరో తేదీ సోమవారం నాడు నిజంగానే వస్తాను. సాటర్లీ వెతుకుతున్న మూడో మనిషిని నేనే. మీ మాటలు ముందు మీరన్న భాషలోనే చెబుతాను, జడ్జిగారూ ప్రెంటిస్ గారూ ఊరూ అంతా వినేలా. ఆ తర్వాత ఇంగ్లీషులో చెబుతాను. మే నెలలో బైబిలు మీద పెట్టిన చేతికి జైలు శిక్ష ఉంటే పడతాను. ఒకవేళ ఆ సోమవారం లోపల నాకేమైనా అయితే ఈ ఉత్తరం సాటర్లీకి ఇవ్వండి. మాటలన్నీ ఇందులో నా చేతిరాతతో ఉన్నాయి. ఈసారి నిజమే రాశాను. ఫీబీకి ఈ సాయంత్రమే చెబుతాను. ఆమె ఏమంటుందో తెలియదు. గుమ్మం దగ్గర ఆమె చెప్పుల చప్పుడు వినిపిస్తోంది కూడా.

ఆ రోజు మీరు నన్ను అడిగినదానికి ఇంకా జవాబు చెప్పలేదు. నిజమేనా అయ్యా అన్నారు.

లేదమ్మా. నిజం కాదు. మిమ్మల్ని ఎవరూ ఎక్కడికీ పంపించగలిగేవారు కాదు.

హీరోనిమస్ త్సిమ్మర్మన్